గోడ అవతలి వేడినీళ్ళు

ఆ కాగితం మిల్లులో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ పిల్లి మేస్త్రి. కాలుగాలిన పిల్లి అని పూర్తిగా అనడానికి ఓపిక లేక పనివాళ్ళు అలా కుదించుకున్నారు. ఆ పేరుకి ఆయన రెండు విధాలా తగినవాడే. ఒకటి, ఆయన ఒకచోట కుదురుగా నిలబడగా చూసినవాడు మిల్లులో లేడు. రెండు, పనిలో చేరిన కొత్తలో ఆవిరి గొట్టం జాయింటు ఊడి ఎడమ పాదం నిజంగానే కాలింది. ఆ కట్టుతోనే హాలంతా కుంటుకుంటూ తిరిగాడు. "కాలితేనే ఇంత తిరుగుతున్నాడు, కాలకపోతే ఎక్కడ ఆగేవాడో" అని బాయిలర్ మనిషి అప్పుడే అన్నాడు.

ఆయన పని ఆరబెట్టే హాల్లో. తడిసి ముద్దగా వచ్చే కాగితం అక్కడ పెద్ద పెద్ద ఇనప డోళ్ళ మీదుగా, ఒకదాని కిందినుంచి ఇంకోదాని పైకి పాకుతూ పోతుంది. డోళ్ళ లోపల ఆవిరి ఉంటుంది. హాలు ఈ చివర చేత్తో ముడితే చిరిగిపోయే కాగితం, ఆ చివరికి వెళ్ళేసరికి కరకరలాడుతుంది. ఆవిరి తన వేడిని డోలుకి ఇచ్చేసి నీళ్ళైపోతుంది. ఆ నీళ్ళు డోలులో నిలవకూడదు, నిలిస్తే డోలు చల్లబడుతుంది. అందుకని నీళ్ళని బయటికి పంపి ఆవిరిని మాత్రం ఆపి ఉంచే ఇనప బుడిపెలు డోలుకొకటి ఉంటాయి. వాటిని ట్రాపులంటారు. మన మేస్త్రి ఆ ట్రాపుల కాపరి. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ట్రాపు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వినేవాడు. లోపల ఆగి ఆగి తలుపు కొట్టినట్టు చప్పుడొస్తే అది ఆరోగ్యంగా ఉన్నట్టు. ఆగకుండా సుయ్‌మంటే ఆవిరి కారిపోతున్నట్టు. ఆ సుయ్‌మనే చప్పుడు వింటే ఆయనకి ఒళ్ళు మండేది.

ఒళ్ళు మండటానికి ఆ మిల్లులో కారణాలకి కొదవలేదు. డోళ్ళనుంచి దిగిన మరిగే నీళ్ళన్నీ కాలవ పాలు. కాగితంలోంచి లేచిన తడి ఆవిరంతా కప్పు మీది గొట్టాల్లోంచి ఆకాశం పాలు. బాయిలర్ దగ్గరేమో మళ్ళీ చన్నీళ్ళు పోసి మళ్ళీ మొదటినుంచి కాచడం. "మనం కాగితం ఆరబెడుతున్నామా, ఆకాశానికి కాపడం పెడుతున్నామా?" అని ఆయన ప్రతి యజమాని ముందూ, ప్రతి మేనేజరు ముందూ అన్నాడు. నవ్వి ఊరుకునేవాళ్ళు. ఈ రోగం ఇంటికీ పాకింది. గిన్నె మీద మూత లేకపోతే ఆయనకి కూర్చోబుద్ధి కాదు. టీ సగం కాగకముందే పొయ్యి ఆర్పేస్తాడు. "ఈ వేడికే మిగతాది కాగుతుంది" అంటాడు.

"కాగదు," అంటుంది ఆయన భార్య. "మిల్లులో మీ ఇష్టం. వంటింట్లో నా టీ నన్ను కాచుకోనివ్వండి."

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. ఆకాశంలోకి పోయే ఆవిరి సంగతేమో గానీ, కాలవలోకి పోయే నీళ్ళు వృథాగా పోవడం లేదు. ఆరబెట్టే హాలు వెనకగోడలోంచి ఒక గొట్టం బయటికి వస్తుంది. గోడ అవతల సన్నటి సందు. గొట్టం కింద సిమెంటు తొట్టి. తొట్టి పక్కన, మోచేతుల దాకా చేతులు ముంచి దుప్పట్లు ఉతుకుతూ మేస్త్రి అక్క ఉంటుంది.

తల్లి పోయాక ఆయన్ని పెంచింది ఈ అక్కే. చెయ్యి పట్టుకుని మిల్లు గేటు దగ్గరికి తీసుకొచ్చి, "వీడు ఒకచోట కూర్చోలేడు, తిరిగే పని ఏదన్నా ఉంటే ఇవ్వండి" అని అడిగిందీ ఈమే. చిన్న ఆసుపత్రి ఒకటి, లాడ్జీలు రెండు ఆమెకి దుప్పట్లు వేస్తాయి. రక్తపు మరకకి ముందు చన్నీళ్ళు, తర్వాత వేడినీళ్ళు, నూనె జిడ్డుకి మొదటినుంచీ సలసల కాగే నీళ్ళు. ఆమె సబ్బుని పెద్దగా నమ్మదు, వేడినే నమ్ముతుంది. పైగా ఆమె వేళ్ళ కణుపులు వాచి ఉంటాయి. చన్నీళ్ళలో కాసేపు నానితే వేళ్ళు కొంకర్లు పోయి, పిడికిలి విప్పడానికి రెండో చెయ్యి కావాలి. ఆ గొట్టంలోంచి వచ్చే వేడినీళ్ళే ఆమె సబ్బు, ఆమె మందు, ఆమె బతుకు.

తమ్ముడికి ఒళ్ళు మండించే నీళ్ళే అక్క ఒళ్ళు కాస్తున్నాయన్న సంగతి ఇద్దరికీ తెలుసు. దాని మీద హాస్యాలాడుకునేవాళ్ళు కూడా.

"ఇవాళ ఎంత వృథా చేశార్రా మీ వాళ్ళు?" అనేది అక్క.

"నీకు సరిపడా," అనేవాడు తమ్ముడు. చేతిలో టీ గ్లాసుతో సందులో అటు మూడడుగులు, ఇటు మూడడుగులు వేస్తూనే.

అలాంటి మిల్లులోకి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. జడలో పెన్సిల్ గుచ్చుకుని, ఏది చూసినా ముందు చేత్తో తాకి, తర్వాత కొలిచి, ఆ తర్వాత గాని మాట్లాడని మనిషి. ఆమె ఒక ప్రశ్నకి జవాబు ఆలోచించేలోపు మేస్త్రి ఇంకో రెండు చెప్పేసేవాడు. ఆమె తెచ్చిన పథకం సూటిగా ఉంది. డోళ్ళనుంచి దిగే నీళ్ళు కాలవలోకి కాకుండా ఒక పెద్ద తొట్టెలోకి పోవాలి. అందులో పొంగే ఆవిరి మొదటి డోళ్ళకి, మిగిలిన వేడినీళ్ళు బాయిలర్‌కి. కప్పు మీది గొట్టాల్లోంచి పోయే తడిగాలి ఒక పెట్టెలోంచి వెళ్ళాలి. ఆ పెట్టెలో దాని వేడిని లాగి, హాల్లోకి వచ్చే కొత్తగాలికి ఇవ్వాలి. అంటే మేస్త్రి ఇన్నేళ్ళూ అరిచి చెప్పిందే. తేడా ఏమిటంటే, ఏ గొట్టం ఎంత లావుండాలో ఆమెకి తెలుసు, ఆయనకి తెలియదు. ఆ సంగతి ఒప్పుకోవడానికి ఆయనకి ఏమాత్రం నామోషీ అనిపించలేదు. పెళ్ళికొడుకులా తిరిగాడు.

యజమాని సరేనన్నాడు, ఒక మెలికతో. "వానలు మొదలయ్యేలోపు బాయిలర్ మేత, అదే ఇంధనం, తగ్గినట్టు కనబడాలి. కనబడకపోతే ఈ సామానంతా తెచ్చిన లారీలోనే వెనక్కి పోతుంది," అన్నాడు.

ఆ వారమంతా మేస్త్రి ఇంజనీరమ్మకి హాలంతా చూపించాడు. కారే ట్రాపులు, తొడుగు ఊడిన గొట్టాలు, ఎవరూ వంగి చూడని మూలలు. ఆమె వెనక నడుస్తుంటే ఆయన ముందు పరిగెత్తి, మళ్ళీ వెనక్కొచ్చి, మళ్ళీ పరిగెత్తి చూపించాడు. చివరికి వెనకగోడ దగ్గరికి వచ్చారు.

"ఇది ఎక్కడికి పోతుంది?" అంది ఆమె, గొట్టం మీద చెయ్యి వేసి.

మేస్త్రి మొట్టమొదటిసారి జవాబుకి తడుముకున్నాడు. "బయటికమ్మా. కాలవలోకి."

"దీన్ని కోసేసి మూత వెల్డింగ్ చేయిద్దాం."

"వెల్డింగ్ ఎందుకమ్మా? ఈ వాల్వు గట్టిది. మూసేస్తే చుక్క రాదు. రేపు లైను కడగాల్సి వస్తే అవసరం పడుతుంది."

ఆయన మాట మీద ఆమెకి అప్పటికే గురి కుదిరింది. తలూపి ముందుకి వెళ్ళింది. మేస్త్రి మాత్రం గోడకేసి చూస్తూ ఉండిపోయాడు. గోడ అవతల బండ మీద తడిగుడ్డ పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఆ రోజునుంచి ఆయనకి కంటిమీద కునుకు లేదు. అక్కకి చెప్పాలి. ఫలానా రోజున నీళ్ళు ఆగిపోతాయని, ఈలోపు ఏదో ఒక ఏర్పాటు చేసుకోమని, అంతే. రెండు ముక్కల మాట. నోట్లో నువ్వుగింజ నానని మనిషి ఈ రెండు ముక్కలూ మింగి కూర్చున్నాడు. కూర్చున్నాడంటే మాటవరసకి. రోజూ పొద్దున్నే చెబుదామని వెళ్ళేవాడు. అక్క టీ ఇచ్చేది. ఆయన తొట్టి చుట్టూ తిరిగేవాడు. సందులో కుక్క గురించి, యజమాని కొత్త కారు గురించి, తన మోకాలి గురించి మాట్లాడేవాడు. గ్లాసు కింద పెట్టి వెళ్ళిపోయేవాడు. మలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరిగి, మళ్ళీ ముందుకి తిరిగి పోయేవాడు.

"వదినకి చెప్పారా?" అని భార్య అడిగేది.

"రేపు చెబుతా."

"నన్ను చెప్పమంటారా?"

"వద్దు. నేనే చెప్పాలి."

"అయితే చెప్పండి. అటూ ఇటూ కాకుండా ఇల్లంతా అరిగేలా తిరిగితే నీళ్ళు కాగవు."

ఆయన భయం అక్క తిడుతుందని కాదు. తిడితే బాగుండుననే ఆయన ఆశ. అక్క ఏమీ అనకుండా "సరేలేరా" అంటుందేమోనని భయం. ఆ మాట వింటే తను ఇన్నేళ్ళూ కన్న కల మీద తనకే అసహ్యం పుడుతుంది. అలాగని కల వదులుకోగలడా అంటే, అదీ చేతకాదు. పిల్లి అని పేరు పెట్టినవాళ్ళు ఆ రోజుల్లో ఆయన్ని చూసుంటే గోడమీది పిల్లి అని మార్చేవారు.

మిల్లు ఆపారు. కొత్త గొట్టాలు బిగించారు, పెద్ద తొట్టె నిలబెట్టారు, కప్పు మీద పెట్టె ఎక్కించారు. మళ్ళీ మిల్లు నడిచిన రోజు, వెనకగోడ వాల్వుని మూసే పని మేస్త్రిదే. మూశాడు. చక్రం బిగించాడు. నాలుగడుగులు వేశాడు. గోడ అవతల బకెట్ చప్పుడైంది. ఎవరో తొట్టిలో ముంచబోయి, అడుగు తగిలి ఆగినట్టుంది. ఆయన వెనక్కొచ్చి, అటూ ఇటూ చూసి, చక్రాన్ని వెంట్రుకవాసి వదులు చేశాడు. లోపల సన్నగా సుయ్‌మంది. జీవితంలో మొదటిసారి ఆ చప్పుడు ఆయన చెవికి తీపిగా ఉంది.

ఇక్కడ ఆవిరి పని తెలిసినవాళ్ళందరికీ తెలిసిన ఒక మాట చెప్పాలి. ఆవిరి దగ్గర ఓరవాకిలి పనికిరాదు. తెరిస్తే పూర్తిగా తెరవాలి, మూస్తే పూర్తిగా మూయాలి. కొంచెంగా తెరిచి వదిలేస్తే, ఆ సన్నటి సందులోంచి దూసుకొచ్చే ఆవిరి, నీటి తుంపరలతో కలిసి వాల్వు లోపలి గట్టు ఇనుమునే గాడి పడేలా కోసేస్తుంది. అలా కోతపడ్డ వాల్వు ఇక జన్మలో మూసుకోదు. పనిలో చేరిన ప్రతివాడికీ మేస్త్రి నేర్పే మొదటి పాఠం అదే. "ఓరగా తెరిచావా, నీ చేతులు విరగ్గొడతా" అని కూడా అనేవాడు. ఇప్పుడు ఆ చేతులు ఆయనవే.

అక్కకి నీళ్ళు వస్తూనే ఉన్నాయి. "కాస్త సన్నబడిందేంట్రా ధార?" అని ఒకసారి అడిగింది. "మిల్లులో పనులు జరుగుతున్నాయి కదా," అన్నాడు. ఆమె ఆయన మొహంలోకి కాసేపు చూసి, దుప్పటి పిండుకోవడంలో పడిపోయింది. కొన్నాళ్ళకి ధార మళ్ళీ లావైంది. అక్కకి అనుమానం రాలేదు. తమ్ముడికి వచ్చింది. తను చక్రాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. అయినా ధార లావవుతోందంటే లోపల ఏం జరుగుతోందో ఆయనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నిజాన్ని తలుచుకోకుండా ఉండటానికి ఇంకాస్త ఎక్కువ తిరిగాడు.

ఇంజనీరమ్మ ఒకరోజు ఆయన్ని పిలిచింది. పెన్సిల్ జడలో లేదు, చేతిలో ఉంది, చివర కొరికి ఉంది.

"మేస్త్రిగారూ, బాయిలర్‌కి తిరిగి రావాల్సినన్ని నీళ్ళు రావడం లేదు. మొదటి వారం బాగానే ఉంది. ఇప్పుడు రోజురోజుకీ తగ్గిపోతోంది. నా లెక్కలో తప్పుందేమోనని రెండుసార్లు చూసుకున్నాను. ఎక్కడో కారుతోంది. వానలు వచ్చేస్తున్నాయి. మీ చెవి కావాలి."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ చేతికే లాంతరిచ్చి దొంగని వెతకమన్నారు. తేలు కుట్టిన దొంగలా మేస్త్రి స్క్రూడ్రైవర్ పట్టుకుని బయల్దేరాడు. ఇంజనీరమ్మ వెనకే వచ్చింది. ఆయన మొదటి డోలు దగ్గర వంగి విన్నాడు, రెండో డోలు దగ్గర విన్నాడు. ప్రతి ట్రాపూ ఆరోగ్యంగా తలుపు కొడుతోంది. ఆయన ప్రతిదాని దగ్గరా కావలసినదానికన్నా ఎక్కువసేపు వంగాడు. చెమట కారి స్క్రూడ్రైవర్ పిడి చెవిమీద జారుతోంది. వేడి వల్ల కాదు. కొత్త ఏర్పాటు వచ్చాక హాలు మునుపటంత వేడిగా లేదు.

"అటుపక్క చూద్దామా?" అంది ఆమె, వెనకగోడ చూపించి.

"నేను చూసొస్తాను, మీరు ఇక్కడే ఉండండమ్మా," అని ఆయన పరుగులాంటి నడకతో వెళ్ళాడు. చక్రం పట్టుకున్నాడు. ఇక చాలు, మూసేద్దాం, అక్కకి ఈ సాయంత్రమే చెప్పేద్దాం అనుకున్నాడు. బిగించాడు. చప్పుడు ఆగలేదు. రెండు చేతులూ వేసి, కాలిన పాదం నేలకి తన్నిపెట్టి బిగించాడు. చప్పుడు ఆగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. చక్రాన్ని అలాగే పట్టుకుని నిలబడిపోయాడు. వెనక అడుగుల చప్పుడు వినబడినా కదల్లేదు.

ఇంజనీరమ్మ గొట్టం మీద చెయ్యి ఆనించి, చటుక్కున తీసేసింది. "ఇది మూసే ఉందా?"

"మూసే ఉంది. పోతూనే ఉంది."

"లోపల కోతపడింది."

"పడింది."

"ఓరగా తెరిచి ఉంచారు ఎవరో."

ఆయన దగ్గర అబద్ధం సిద్ధంగా ఉంది. పని మానేసి వెళ్ళిపోయిన ఫిట్టర్ ఒకడున్నాడు, తాగుబోతు. వాడి మీదికి తోసేస్తే వాడొచ్చి కాదనడు, ఆమె కూడా నమ్మేస్తుంది. ఆయన నోరు తెరిచాడు. ఆ ఫిట్టర్‌కి తను నేర్పిన మొదటి పాఠం గుర్తొచ్చింది.

"నేనేనమ్మా," అన్నాడు. "కంచే చేను మేసింది."

"ఎందుకు?"

"గోడ అవతల మా అక్క ఉంది. ఈ నీళ్ళతోనే దుప్పట్లు ఉతుకుతుంది."

ఆమె చక్రాన్ని తనే ఒకసారి తిప్పి చూసింది. మొహం ఎర్రబడింది. "ఆ రోజు ఇక్కడే నిలబడి మిమ్మల్ని అడిగాను. అప్పుడే చెప్పుంటే?"

"మీరు కుదరదంటారనుకున్నాను."

"అనేదాన్నేమో. కానీ ఆలోచించేదాన్ని. మీరు నాకు ఆ అవకాశం కూడా ఇవ్వలేదు," అంది. "మీ మాట నమ్మి మూత వేయించలేదు. ఇప్పుడు మిల్లు ఆపాలి. ఎందుకు ఆపామని యజమాని అడిగితే నేనేం చెప్పను?"

"నా పేరు చెప్పండి."

చెప్పింది. మిల్లు ఆపి, గొట్టం కోసి, మూత వెల్డింగ్ చేయించారు. మేస్త్రిని ఆవిరి పని నుంచి తప్పించి పాత కాగితం షెడ్డుకి పంపించారు. బళ్ళలో వచ్చే చిత్తుకాగితం కట్టలు తూకం వేయించడం ఆయన పని. కాటా పక్కన ఒక ఎత్తుపీట ఉంటుంది. దాని మీద కూర్చోవాలి. యజమాని తెలిసి వేశాడో తెలియక వేశాడో గానీ, ఆ మనిషికి ఇంతకన్నా పెద్ద శిక్ష లేదు. పీట మీద కూర్చుంటే మోకాళ్ళు వాటంతటవే అదిరేవి. అక్కడినుంచి కప్పు మీది గొట్టాలు కనిపిస్తాయి. ఆవిరి ఉందా లేదా అన్నంత పల్చగా పోతోంది. పథకం పనిచేస్తోంది. చూసి సంతోషించాలో ఏడవాలో తెలియక తల తిప్పుకునేవాడు.

వెల్డింగ్ జరిగిన సాయంత్రమే సందులోకి వెళ్ళాడు. తొట్టిలో అడుగున కాసిని నీళ్ళు చల్లగా నిలబడి ఉన్నాయి. అక్క రెండు చేతులూ ఎండు తువ్వాల్లో చుట్టుకుని తొట్టి గట్టు మీద కూర్చుంది.

"నీళ్ళు ఆగిపోయాయిరా."

"తెలుసక్కా. ఇక రావు." అని జరిగిందంతా చెప్పాడు. ఇన్నాళ్ళూ చెప్పలేకపోయినది ఒక్క ఊపిరిలో, నడుస్తూ, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ చెప్పాడు.

"నిలబడరా," అంది అక్క. నిలబడ్డాడు. "గొట్టం మూశారని నాకు కోపం లేదు. అది వాళ్ళ నీళ్ళు, వాళ్ళ ఇష్టం. ఇన్నాళ్ళు రోజూ పొద్దున్నే వచ్చి, నా చేతి టీ తాగి, కుక్కల గురించీ కార్ల గురించీ వాగి వెళ్ళావు. అందుకు కోపం. ముందే తెలిస్తే నా తిప్పలేవో నేను పడేదాన్ని. చెబితే తట్టుకోలేనంత ముసలిదాన్నని ఎప్పుడు అనుకున్నావురా నువ్వు?"

ఆయనకి ఏడుపొచ్చింది. చిన్నప్పుడు కూడా అక్క ముందు ఏడిచింది తక్కువే. "సరేలేరా అంటావేమోనని భయమేసిందక్కా," అన్నాడు.

"అనను," అంది అక్క. "పో ఇంటికి."

ఆ తర్వాత ఆమె ఆయనతో మాట్లాడలేదు. ఒక పాత డ్రమ్ము తెచ్చి, కింద కట్టెలు పేర్చి నీళ్ళు కాచడం మొదలుపెట్టింది. డ్రమ్ము కాగేసరికి మధ్యాహ్నమయ్యేది. ఆసుపత్రి దుప్పట్లు మరకలు పోలేదని వెనక్కొచ్చాయి. ఒక లాడ్జి మానేసింది. మేస్త్రి షెడ్డు నుంచి రాగానే కట్టెలు కొట్టి, పేర్చి వెళ్ళేవాడు. ఆమె కట్టెలు తీసుకునేది, టీ మాత్రం ఇచ్చేది కాదు. షెడ్డులో పీట, సందులో మౌనం, ఇంట్లో మూత పెట్టిన గిన్నెలు. ఎక్కడా నిలవలేక, ఎటూ పోలేక మనిషి సగమైపోయాడు. "మీరు మళ్ళీ తిరగడం మొదలుపెట్టండి, ఇలా ఉంటే నాకు భయంగా ఉంది," అని భార్యే అంది.

మొదటి వాన పడేముందు యజమాని లెక్క చూసుకుని తృప్తి పడ్డాడు. లారీ రాలేదు. మర్నాడు ఇంజనీరమ్మ షెడ్డుకి వచ్చి ఆయన ముందు నిలబడింది. "ట్రాపులు వినేవాళ్ళు లేరు," అంది. "మీ చెవి కావాలి. చేతులు మాత్రం నేను చెప్పినప్పుడే." ఆయన పీట మీంచి లేచిన వేగానికి అది వెనక్కి పడింది.

మళ్ళీ హాల్లో అడుగుపెట్టి, ఒక ట్రాపు దగ్గర వంగి వింటుండగా ఎవరో వచ్చి, "మీ అక్క గేటు దగ్గర ఇంజనీరమ్మ కోసం కూర్చుందట" అన్నారు. స్క్రూడ్రైవర్‌తో సహా పరిగెత్తాడు. వెళ్ళేసరికి ఇద్దరూ గేటు దగ్గర లేరు, హాలు పక్కన, కప్పు మీది పెట్టె కింద నిలబడి ఉన్నారు. ఆ పెట్టెలో తడిగాలి చల్లబడేటప్పుడు దాని తడంతా నీళ్ళుగా దిగి, ఒక సన్నటి గొట్టంలోంచి మూల కాలవలో పడుతోంది. ఆ కాలవ సందులోకే పోతుంది. దుప్పటి జాడించడానికి కాలవలో చెయ్యి పెట్టిన అక్క దాన్ని పట్టేసింది.

"ఈ నీళ్ళు మీకెందుకమ్మా?" అంటోంది అక్క.

"దేనికీ పనికిరావు," అంది ఇంజనీరమ్మ. "కాగితపు నూగు ఉంటుంది, బాయిలర్‌కి పెట్టకూడదు. వేడి కూడా పెద్దగా లేదు, ఊరికే గోరువెచ్చన."

"అయితే నా తొట్టిలో పడనివ్వండి. నూగు నేను వడకట్టుకుంటాను. నా దగ్గర గుడ్డలకేం తక్కువ? మరక సంగతి డ్రమ్ము చూసుకుంటుంది. నా చేతులకి గోరువెచ్చన చాలు."

ఇంజనీరమ్మ జడలోంచి పెన్సిల్ తీసి, మళ్ళీ గుచ్చుకుంది. గొట్టాన్ని కళ్ళతో గోడదాకా కొలిచింది. ఈసారి ఆలోచించడానికి ఎక్కువసేపు పట్టలేదు. "ఇదేదో మేస్త్రిగారు ముందే అడిగి ఉండాల్సింది," అంది, ఆయనకేసి చూడకుండానే.

"వాడు అడగడు, తిరుగుతాడు," అంది అక్క.

గొట్టం గోడ దాటింది. కొన్నాళ్ళకి ఒక పొద్దున్నే మేస్త్రి సందులోకి వెళ్ళాడు, పిలవకుండానే. గొట్టం మూతికి అక్క కట్టిన పాత దుప్పటి ముక్క ఉంది. దాంట్లోంచి నీళ్ళు తేటగా తొట్టిలోకి దిగుతున్నాయి. ఆసుపత్రి దుప్పట్లు మళ్ళీ వచ్చాయి, లాడ్జి ఇంకా రాలేదు. ఆమె మోచేతుల దాకా చేతులు నీళ్ళలో ముంచి వేళ్ళు ముడిచి విప్పుతోంది. ఆయన్ని చూసి, చేతులు తుడుచుకుని లోపలికి వెళ్ళి టీ తెచ్చి ఇచ్చింది. చాలా రోజుల తర్వాత ఇచ్చిన టీ.

"ఎంత పిండుకున్నా వాళ్ళకి పనికిరానిది ఏదో ఒకటి మిగులుతుందిరా," అంది అక్క. "నాకు అది చాలు. నీకే ఎప్పుడూ చాలదు."

ఆయన గ్లాసు గట్టు మీద పెట్టి, తొట్టిలో చెయ్యి ముంచాడు. వెచ్చగా ఉంది. తొట్టి నిండి, నీళ్ళు అంచు మీదుగా పొర్లి కాలవలో పడుతున్నాయి. అక్కడా చెయ్యి పెట్టాడు. అక్కడా వెచ్చగానే ఉంది. అలా వంగే ఉండి, పొర్లే నీళ్ళకేసీ, డ్రమ్ములోని చన్నీళ్ళకేసీ, మళ్ళీ పొర్లే నీళ్ళకేసీ చూశాడు. మోకాలు అదరడం మొదలైంది.

అక్క దుప్పటి ఉతకడం ఆపింది.

"ఆ చూపు నాకు తెలుసు," అంది. "చెయ్యి బయటికి తియ్యి."

ఆయన తీశాడు.